విటమిన్-ఎ మేలు చేయని కన్ను

1986 ప్రాంతంలో దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక ప్రభుత్వ డిస్పెన్సరీలో నేను పనిచేస్తుండగా, ఎల్.బి.నగర్ అవతలి పల్లె నుండి ఒక తల్లి పన్నెండేళ్ల కూతురిని వెంటబెట్టుకొని వచ్చింది. నల్లబల్ల మీది అక్షరాలు సరిగ్గా తాను చూసిన చోటనే చెరిగిపోతున్నాయని ఆ బాలిక చెప్పింది. కళ్లద్దాలు మార్చినా ఫలితం లేదు. టార్చి వేసి చూస్తే కన్ను నిర్మలంగా ఉంది. చదువు ఎగ్గొట్టడానికి వేషాలు వేస్తోందని బడిలో అన్నారట. నేను ఆ మాట అనలేదు గాని, అంతకంటె మేలైన పనీ చేయలేదు. విటమిన్-ఎ మాత్రలు రాసి పంపించాను.

ఆ కాలపు వైద్యునికి, అందునా హైదరాబాదు వైద్యునికి, అది చాలా సహజమైన పని. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో మన నగరానికి తరలివచ్చింది. విటమిన్-ఎ లోపం వల్ల పసిపిల్లల కళ్లు ఎండి, నల్లగుడ్డు కరిగిపోయి, శాశ్వతంగా చూపు పోవడం అప్పట్లో నిత్యం చూసే దృశ్యం. ఆరు నెలలకొకసారి రెండు లక్షల యూనిట్ల మోతాదు నోటి ద్వారా ఇస్తే దీనిని నివారించవచ్చునని ఆ సంస్థ పరిశోధకులు చూపగా, 1970లో దేశవ్యాప్త కార్యక్రమం మొదలైంది. ఎందరి కళ్లు నిలిచాయో లెక్కకట్టడం కష్టం. అయితే ఆ విజయం మా తరం వైద్యుల మనసులో ఒక అలవాటును కూడా నాటింది. చూపు మందగించిందంటే చాలు, చేయి విటమిన్-ఎ వైపే పోయేది.

ఆ బాలికకు ఉండిన వ్యాధి ఏదో నేడు ఊహించగలను. దాని చరిత్ర జర్మన్ వైద్యులతో మొదలవుతుంది. 1905లో ఫ్రెడరిక్ బెస్ట్ ఒకే కుటుంబంలో పలువురి కంటి నడిమి భాగంలో గుడ్డు పచ్చసొన వంటి మచ్చను వర్ణించాడు. 1909లో కార్ల్ స్టార్‌గార్ట్ రెండు కుటుంబాలకు చెందిన ఏడుగురిని వర్ణించాడు. వారిలో తల్లిదండ్రుల చూపు బాగానే ఉండి, బిడ్డల మాక్యులా మాత్రం క్షీణించింది. మాక్యులా అంటే రెటీనా నడుమ ఉండే చిన్న ప్రాంతం. అక్షరాలు చదివేది, ముఖాలు గుర్తుపట్టేది దానితోనే. తొలిదశలో కంటి లోపల చూసినా మార్పు కనబడకపోవచ్చు. టార్చి మాట చెప్పనే అక్కరలేదు.

కారణం తెలియడానికి మరో ఎనభై ఎనిమిదేళ్లు పట్టింది. 1997లో రాండో అలిక్‌మెట్స్, మైకేల్ డీన్ తదితరులు స్టార్‌గార్ట్ వ్యాధికి మూలమైన జన్యువును కనుగొన్నారు. నేడు దాని పేరు ఏబీసీఏ4. మరుసటి ఏడాది బెస్ట్ వ్యాధి జన్యువు కూడా దొరికింది.

ఏబీసీఏ4 చేసే పని పాకీ పని. వెలుతురు పడినప్పుడు కంటిలోని విటమిన్-ఎ రూపాంతరం చెంది, చూపు పుట్టించి, వాడిన సరుకుగా మిగులుతుంది. ఆ మిగులును వెలుగుకణం లోపలి పొరల నుండి బయటకు మోసుకుపోయే ప్రోటీన్ తయారీకి ఈ జన్యువే ఆధారం. జన్యువులో ఉత్పరివర్తనం వస్తే మోత కుంటుపడుతుంది. మిగులు పేరుకొని జంటలుగా అతుక్కొని విషపదార్థమవుతుంది. రెటీనా వెనుకనున్న వర్ణకణాలు దానిని మింగి, అరిగించుకోలేక చనిపోతాయి. వాటిపై ఆధారపడిన వెలుగుకణాలూ వెంట పోతాయి. అంటే, ఇక్కడ చెత్తగా మారుతున్నది విటమిన్-ఎ యే. ఈ జన్యువు లేని ఎలుకలకు అదనపు విటమిన్-ఎ తినిపిస్తే ఆ చెత్త మరింత వేగంగా పేరుకున్నదని 2008లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. అది చదివిన రోజు నాకు ఆ తల్లీకూతుళ్లు గుర్తుకు వచ్చారు. వారు మళ్లీ నా వద్దకు రాలేదు.

మన ఇళ్లలో దీనికి ఇంకొక ముడి ఉంది. స్టార్‌గార్ట్ వ్యాధి రావాలంటే తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు ప్రతులూ చెడి ఉండాలి. అటువంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనమామతో పెళ్లయిన పిల్లకు అతనితో జన్యువులలో పాతిక వంతు ఉమ్మడి. మేనబావతో అయితే ఎనిమిదో వంతు. కనుక మేనరికంలో ఒకే లోపం ఇరువైపుల నుండి కలిసే అవకాశం ఎక్కువ. కాని ఏబీసీఏ4లో లోపాలు వందల రకాలు. ఏ బంధుత్వమూ లేని దంపతులకూ ఈ బిడ్డలు పుడతారు. కోడలి పుట్టింటి వైపు వేలెత్తి చూపే అత్తగార్లను నేను చాలామందిని చూశాను. లెక్క ప్రకారం ఆ వేలు వారి కొడుకు వైపు కూడా అంతే తిరగాలి. బెస్ట్ వ్యాధి దారి వేరు. సాధారణంగా ఒక్క ప్రతి చెడితే చాలు. బిడ్డకు సగం అవకాశం.

1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో చిత్రా కన్నబిరాన్ వంటి శాస్త్రవేత్తలు వంశపారంపర్య రెటీనా వ్యాధుల జన్యువులను మన దేశపు కుటుంబాలలోనే పరిశీలిస్తూ వచ్చారు. నా డిస్పెన్సరీ నాటికి ఇవేవీ లేవు.

పదవీ విరమణ తరువాత, మెట్రో ఎల్.బి.నగర్ దాకా వచ్చాక, దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షల శిక్షణ తీసుకొంటున్న ఒక యువకుడిని అతని తండ్రి మా ఇంటికి తీసుకువచ్చాడు. స్టేషను పేరు చదవలేడు. ప్రకటన విని దిగుతాడు. జన్యు పరీక్ష నివేదికలో ఏబీసీఏ4 అని స్పష్టంగా ఉంది. పోయిన చూపును తిరిగి తెచ్చే మందు లేదని చెప్పాను. ఎండలో నల్లద్దాలు, అక్షరాలు పెద్దవి చేసే పరికరాలు, సదరం ధ్రువపత్రం, నలభై శాతం లోపం తేలితే పరీక్షలో రాసిపెట్టే సహాయకుడు, వీటి గురించి మాట్లాడుకున్నాము. వెళ్లబోతూ తండ్రి సంచిలోంచి ఒక డబ్బా తీశాడు. కంటికి మంచిదని ఎవరో చెబితే కొన్న విటమిన్-ఎ గుళికలు, సగం అయిపోయాయి.

ఆకుకూరలు, క్యారెట్టు మామూలుగా తిననివ్వమని, ఇంట్లో పసిపిల్లలుంటే అంగన్‌వాడీలో పోసే విటమిన్-ఎ మందు మానవద్దని చెప్పాను. ఆ డబ్బాను మాత్రం నా వద్దనే ఉంచుకున్నాను.