చెన్నపట్టణమున వృద్ధపోషణము



పట్టణము పెరిగినకొలది అందు వృద్ధులకు చోటు తగ్గుచుండుననుట మనము తఱచుగా వినుమాటయే. ఆ చోటును కల్పించుటకై ఒక పట్టణము 240 ఏండ్లకు పైగా ఏమి చేసినదో, ఎచ్చట కొఱతపడినదో మనవిచేయుట నేటి నా ప్రసంగవిషయము. ఆ పట్టణము చెన్నపట్టణము. నేనచ్చట చిరకాలము తెలుగు ఉపాధ్యాయుడనుగా నుండి విశ్రాంతి గైకొన్నవాడను. అఱువదియేండ్లు దాటిన కతన ఈ విషయము నాకిపుడు పుస్తకవిషయము మాత్రమే కాదు.

వృద్ధపోషణము పాశ్చాత్యులు మనకు నేర్పిన విద్యయని కొందఱందురు. పూర్వకాలమున మన యిండ్లలో వృద్ధులకు ఏ లోపమును ఉండెడిది కాదని మఱికొందఱందురు. ఈ రెండుమాటలును విచారమునకు నిలువవు. కౌటిల్యుని అర్థశాస్త్రమున, దిక్కులేని బాలురను, వృద్ధులను, వ్యాధిగ్రస్తులను రాజు పోషింపవలెనని విధి కలదు. ఆ ప్రకరణముననే, శక్తియుండియు తల్లిదండ్రులను, ఆలుబిడ్డలను పోషింపనివానికి 12 పణములు దండుగ యని చెప్పబడినది. తల్లిదండ్రులను విడిచినవారు ఆనాడు లేకుండినచో ఈ దండుగతో పనియేమి? తప్పు జరుగుచుండుటవలననే శాసనము పుట్టినది. అశోకచక్రవర్తియు తన యాత్రలయందు వృద్ధులను దర్శించి వారికి సువర్ణదానము చేయుచుంటినని ఎనిమిదవ శిలాశాసనమున చెప్పించినాడు. కర్నూలు సీమయందలి ఎఱ్ఱగుడి బండలమీద ఆ శాసనము నేటికిని కాననగును. కావున వృద్ధుని భారము ఇంటిదియు, రాజుదియు ననుట మనకు పాతమాటయే.

అయితే పల్లెకు చెల్లిన యేర్పాటు పట్టణమునకు చెల్లలేదు. పల్లెయందు ముసలివాడు ఎవని తాతయో, ఎవని మేనమామయో అందఱు నెఱుగుదురు. పట్టణమునకు పొట్టచేతబట్టుకొని వచ్చినవానికి ఆ యెఱుక తెగిపోవును. మన ధర్మసత్రములు బాటసారులకొఱకు కట్టబడినవి. బాటసారి తిని, పండుకొని, మఱునాడు లేచి పోవును. లేచి పోజాలని ముసలివానికి సత్రము చాలదు. ఈ చిక్కు చెన్నపట్టణమునకు మొట్టమొదట కఱవురూపమున ఎదురయ్యెను.

1780లో హైదరాలీ సైన్యము కర్ణాటకసీమపై పడినపుడు పల్లెలు పాడుపడి, జనులు గుంపులు గుంపులుగా చెన్నపట్టణము చేరిరి. వెనువెంటనే క్షామము వచ్చినది. 1782లో పట్టణమునకు ఉత్తరముగా, రాయపురము దాపున, దిక్కులేనివారికి గంజిపోయు సత్రమొకటి వెలసినది. దానికి మనేగారు సత్రమని పేరు. మణియకారరు, అనగా గ్రామాధికారి, అను అఱవమాటయే ఇంగ్లీషువారి నోట అట్లయ్యెనని చెప్పుదురు. ప్రజలు మాత్రము ఆ చోటును గంజితొట్టి యనిరి. 1799లో జాన్ అండర్‌వుడ్ అను వైద్యుడు అచ్చట రోగులకొక చికిత్సాలయము నేర్పఱచెను. గంజికై వచ్చినవారిలో కాలు కదపలేనివారు, కనుచూపు లేనివారు ఉందురుగదా! అన్నము వెంట ఔషధమును రావలసివచ్చెను. ఆ చికిత్సాలయమే పెరిగి పెరిగి, 1938లో స్టాన్లీ వైద్యకళాశాల యయ్యెను. నేటి మహావైద్యాలయమునకు మొదలు ఒక గంజికుండ యనుట చెన్నపట్టణమునకు తలవంపు కాదు, అలంకారము.

కఱవు తీరినపిమ్మట బలము గలవారు తమతమ యూళ్ళకు మఱలిపోయిరి. మఱలి పోజాలనివారెవరు? వృద్ధులును, అంగవికలురును. ఆ విధముగా కఱవుసత్రము క్రమక్రమముగా వృద్ధులకు నిలువనీడ యయ్యెను. దాని ప్రక్కనే వెంకటగిరి రాజావారి పేర మఱియొక సత్రము వెలసినది. ఇది మన తెలుగు సంస్థానపు ధర్మము. తెలుగువారికి ఆ పట్టణముతోడి సంబంధము ప్రభువుల దానములవలననే గాక, దుఃఖమువలనను కలిగినది. 1832-33 నందన సంవత్సరపు క్షామమున గుంటూరు సీమనుండి వేలకొలది జనులు చెన్నపట్టణపు బాటపట్టిరి. పట్టణము చేరకముందే ఆ బాటలో ఒరిగిపోయినవారెందఱో!

తక్కిన ధర్మసంస్థలును ఒకటొకటిగా ఏర్పడినవి. వానినన్నిటిని వర్ణింప వ్యవధి లేదు. ఫ్రాన్సుదేశమున 1839లో జాన్ జ్యూగాన్ అను పుణ్యస్త్రీ అంధురాలైన ముసలమ్మ నొకతెను తన యింటికి తెచ్చుకొని తన మంచమునే యిచ్చినది. దానినుండి పుట్టిన కన్యకల సంఘము 1882లో కలకత్తాలో వృద్ధుల గృహము స్థాపించెను. చెన్నపట్టణముననే 1978లో సావిత్రీవైతిగారును, ఆమె సహచారిణులును దిక్కులేని వృద్ధస్త్రీలకు విశ్రాంతి యను గృహమును తెఱచిరి. అదే సంవత్సరమున ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో వైద్యులు వి. ఎస్. నటరాజన్‌గారు వృద్ధులకు ప్రత్యేక చికిత్స ఆరంభించిరి. ముసలితనమే రోగమని సరిపుచ్చుకొనక, ముసలివాని రోగమును వేఱుగా చూడవలెనను బుద్ధి దానితో ప్రబలెను. 1996లో మదరాసు వైద్యకళాశాలలో ఈ శాస్త్రమునకు పై పట్టము నేర్పఱచిరి.

ఇంతవఱకు చెప్పినదానిలో అధికభాగము దానము. దానము చేయువాని మనసుపై ఆధారపడి యుండును. రెండవ ఘట్టము హక్కుయొక్క చరిత్ర. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగపు 41వ అధికరణము, వార్ధక్యమున ప్రభుత్వసాహాయ్యమును గూర్చి చెప్పినది. 1957లో ఉత్తరప్రదేశమును, 1962లో మదరాసు రాష్ట్రమును వృద్ధులకు నెలవేతన మీయ మొదలిడెను. 1995 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వము 65 ఏండ్లు నిండిన నిరుపేదలకు నెలకు 75 రూపాయల చొప్పున సాహాయ్యము నారంభించెను. 2007నాటి చట్టము తల్లిదండ్రుల పోషణభారమును బిడ్డలపై మోపి, ప్రతి జిల్లాయందును కనీసము 150 మంది నిరుపేదలకు చాలు వృద్ధాశ్రమము ఉండవలెనని చెప్పెను. కౌటిల్యుని 12 పణముల దండుగ క్రొత్తవేషమున మరల వచ్చినదన్నమాట.

హక్కు దానముకంటె గొప్పది. ఇందు సందేహము లేదు. కాని హక్కునకు ఋజువు కావలెను. గంజితొట్టికడ ఆకలియే ఋజువు. కచేరికడ కాగితము ఋజువు. ఈ భేదము నాకు తెలిసివచ్చిన విధమును మనవిచేసెదను.

నాకు వ్యాకరణము చెప్పిన గురువుగారు చెన్నపట్టణమున ఒక యింటి వెనుకగదిలో ఒంటరిగా నుండిరి. భార్య గతించినది, సంతానము లేదు. పాఠములు చెప్పి బ్రతికినవారగుటచేత ఏ యుద్యోగవేతనమును లేదు. 1996లో వారి దుస్థితి చూడజాలక, వృద్ధవేతనమునకు అర్జీ పెట్టుడని ప్రార్థించితిని. బలవంతము మీద ఒప్పుకొనిరి. కచేరి మేడమీద. ఇరువదినాలుగు మెట్లు. వారిని చేయిపట్టి యెక్కించితిని.

ఉద్యోగి జననపత్ర మడిగెను. గురువుగారు సంచిలోనుండి తాళపత్రమున వ్రాసిన జాతకమును తీసి, "రౌద్రి నామ సంవత్సర మార్గశీర్షమున జన్మించితిని" అనిరి. తిథి, వారము, నక్షత్రము, పాదముతో సహా చెప్పిరి. నేను దానిని 1920 డిసెంబరునకు లెక్కకట్టి చూపితిని. ఉద్యోగి చెడ్డవాడు కాడు. రెండుచేతులు జోడించి, "అయ్యా, ఇది మాకు పనికిరాదు" అనెను. దిగి వచ్చునపుడు గురువుగారు నవ్వి, "నాయనా, నేను పుట్టితినని నాకు నమ్మకమే. వారికి నమ్మకము కలుగుటకే కాగితము కావలెను" అనిరి. ఆ నవ్వు నాకు నేటికిని ముల్లువలె నాటియున్నది. ప్రభుత్వవైద్యుని వయోనిర్ణయపత్రము, నివాసపత్రము, సాక్షుల చేవ్రాళ్లు సంపాదించుటకు మూడునెలలు పట్టినది. నాలుగుమాఱులు ఆ మెట్లెక్కితిమి. తుదకు వేతనము మంజూరయ్యెను. రెండేండ్లు అనుభవించి వారు దివంగతులైరి.

ఆ మెట్లమీద నేను చూచినది వేఱొకటి కలదు. మావంటివారు ఇంకను పలువురు వచ్చుచుండిరి. వెంట కొడుకో, మనుమడో, శిష్యుడో ఉన్నవారు మరల వచ్చిరి. ఒంటరిగా వచ్చినవారు కాగితము లేదనిపించుకొని, క్రింది మెట్టుపై కొంతసేపు కూర్చుండి, మఱి రాలేదు. ఎవరు లేనివారికొఱకు ఏర్పఱచిన సాహాయ్యము ఎవరో ఒకరు ఉన్నవారికే అందుచుండెను. ఈ లోపము చట్టమున వ్రాసియుండదు. మెట్లమీద మాత్రమే కనబడును.

ఈ లోపమును గుర్తించిన ప్రయత్నములు లేకపోలేదు. 2016లో చెన్నపట్టణమున అఱువదియేండ్లు దాటినవారికి నెలకు 10 ఉచిత బస్సుచీట్లు ఈయ నారంభించిరి. ఇంటినుండి వెలువడగలిగిన ముసలివాడు సగము ఒంటరితనమును గెలిచినవాడు. మన హైదరాబాదునగరమున 2017లో టాటా ధర్మసంస్థలవారి పూనికతో వృద్ధుల కొఱకొక దూరవాణి సహాయము పుట్టినది. అదియే 2021లో 14567 అను సంఖ్యతో దేశమంతటికిని విస్తరింపబడెను. వేతనము, చట్టము, ఆశ్రయము మొదలగు విషయములను తెలుపుటకును, విడువబడినవారిని ఆదుకొనుటకును అది యేర్పడినది. 2024లో చెన్నపట్టణపు గిండీయందు 200 పడకలతో వృద్ధులకే ప్రత్యేక వైద్యాలయమును తెఱచిరి. ఇవి యన్నియు కొనియాడదగినవే.

కాని దూరవాణి పిలుపునకు బదులు చెప్పునేగాని మెట్లెక్కింపదు. గంజి, గూడు, ఔషధము, వేతనము అను నాలుగింటిని ఈ పట్టణము ఒకదానివెంట నొకటిగా సంపాదించుకొన్నది. అయిదవది వెంటనడచు మనుష్యుడు. దానికి భవనము వలదు, పెద్దధనము వలదు. మీ వీథిలో ఒంటరిగా నున్న వృద్ధుని పేరేమో తెలిసికొనుడు. ఏ కాగితము లేక ఏ సాహాయ్యము ఆగినదో అడుగుడు. ఒక పూట ఆయనవెంట పొండు. గురువుగారి కొఱకు నేను పోయినది నాలుగుమాఱులే. ఆ క్రిందిమెట్టుపై కూర్చున్నవారిలో ఒక్కనినైనను "తాతా, ఏ కాగితము కావలెనన్నారు?" అని అడుగక దిగివచ్చితిని. ఆ బాకీ ఇంకను తీరలేదు. నేడు నావంతుగా వారమునకు రెండుదినములు ఆ పనియే చేయుచున్నాను. శ్రోతలలో కొందఱైనను తోడురాగలరని నమ్మి, ఇంతటితో సెలవు గైకొనుచున్నాను.