పెరటి పంట - ఉప్పు పన్ను



మన చరిత్ర గ్రంథములలో కోటలు కలవు, ముట్టడులు కలవు, పట్టాభిషేకములు కలవు. అటుకమీది ఊరుగాయ జాడి మాత్రము వానియందు కానరాదు. నేడు నేనా జాడిని క్రిందికి దించి మీ ముందుంచ దలచితిని.

పెరటి కాపు గృహిణి కోరినట్లు రాదు. వచ్చిననాడు గంపలకొలది వచ్చును. రానినాడు పిందెయైన నుండదు. శీతకాలమున వంగ, చిక్కుడు విరగగాయును. వేసవిని మామిడి తెగదిగును. ఆషాఢమున ముసురు పట్టి, క్రొత్త పాదులింకను తీగ సాగకుండు దినములలో కూరకేమియు దొరకదు. ఆ రెండు మూడు మాసములు గడుపుటకే వరుగులు, వడియములు, ఊరుగాయలు పుట్టినవి. ఇవి జిహ్వచాపల్యమున కేర్పడినవని తలచుట పట్టణవాసుల పొరపాటు.

వంకాయలను, గోరుచిక్కుళ్లను, దోసకాయలను తరిగి, ఉప్పు పట్టించి, గలగల మ్రోగువఱకు ఎండబెట్టెడివారు. మిరపకాయలను చీల్చి, ఉప్పు వేసిన పుల్లమజ్జిగలో రాత్రి నాననిచ్చి పగలెండబెట్టి, మజ్జిగ ఇంకిపోవువఱకు అట్లే చేసిరేని చల్లమిరపకాయలగును. చింతపండు గింజ తీసి ఉప్పుతో కుండలో నదిమిరి. కందులకు ఎఱ్ఱమన్ను పట్టించిరి. విత్తనములకు బూడిద కలిపిరి. వడ్లకు గాదె, మెట్టసీమలో జొన్నలకు పాతర. ఇంతటి శాస్త్రమును ఆడువారు ఏ పుస్తకమును చూడకయే తల్లి చేతినుండి కూతురి చేతికి అందించిరి.

ఈ యాచారమెంత పురాతనమైనదో తెలియుటకు ఆముక్తమాల్యద చూడదగును. 1509 మొదలు 1529 వఱకు రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయలు అందు విష్ణుచిత్తుడు అతిథులకు ఏ ఋతువున నేమి వడ్డించెడివాడో వర్ణించెను. వానకాలపు విస్తరిలో వరుగులును వడియములును గలవు. శీతకాలమున మిరియపు పొడి, ముక్కునకెక్కు ఆవ, ఊరుగాయలు గలవు. వేసవికి వడపిందెలు గలవు. సామ్రాజ్యమేలిన ప్రభువు వరుగులను గూడ మఱవకుండుట నాకెప్పుడును ముచ్చటగొల్పును. ఆ విస్తరులలో మిరపకాయ మాత్రము లేదు. అది అమెరికాఖండపు మొక్క. 1498లో కళ్లికోటకు వచ్చిన పోర్చుగీసువారి యోడల రాకపోకల వెనుక మనకు చేరినది. ఆవకాయ యను పేరులో ఆవ యున్నదే గాని మిరప లేదు గదా! నేడు మనము తెలుగుదనమునకు గుఱుతుగా జెప్పుకొను ఆ యెఱ్ఱని కారము ఇటీవలి చుట్టము.

ఉప్పు చుట్టము గాదు, ఇంటి యజమాని. అది కాయలోని నీటిని వెలికి లాగును. పైన తేలిన నూనె గాలిని తగులనీయదు. ఉప్పు చాలనిచో ఎంత నూనె పోసినను బూజు పట్టును. ధనవంతుని కాయకును కూలివాని కాయకును పట్టు నుప్పు సమానమే. కావున ఉప్పుపై విధించిన పన్ను బీదవాని పెరటిపై విధించిన పన్నుగ పరిణమించినది.

చెన్నపురి రాజధానిలో ఈస్టిండియా కంపెనీవారు 1805లో ఉప్పు వ్యాపారమును తమ గుత్తగా జేసికొనిరి. 1876 మొదలు 1878 వఱకు రాయలసీమ మొదలగు ప్రాంతములను దహించిన ధాతు కరవు కాలముననే, మణుగునకు 1 రూపాయి 13 అణాలుగా నున్న పన్ను 2 రూపాయల 8 అణాలకు పెరిగెను. ఇది మన చిన్న మణుగు గాదు; సుమారు 37 కిలోల సర్కారు మణుగు. తినుటకు గింజ లేనివారికి, దొరికిన ఆకును అలమును ఉడికించుకొనుటకు గూడ ఉప్పు ప్రియమయ్యెను. దీనిని పాలన యనుటకు నాకు నోరు రాదు.

సముద్రమునకు దూరమున నుండువారికి పూర్వము రెండు దారులుండెను. తెలంగాణపు పల్లెలకు లంబాడీలు ఎద్దుల పెరికెలపై తీరపు టుప్పును చేరవేసెడివారు. కడప, కర్నూలు, బళ్లారి సీమలలో ఉప్పరులు చవుటి మంటిని నీట కరగించి, ఆ నీరెండబెట్టి ఉప్పు తీసెడివారు. పేరే వారి వృత్తిని జెప్పుచున్నది. దొరతనమువారు చవుటి యుప్పును నిషేధింపగా వారు చెరువులు త్రవ్వుటకును గోడలు పెట్టుటకును పోవలసివచ్చెను. ఒక కులవృత్తి యట్లు మంట గలిసెను.

మాది సముద్రమునకు ఆమడ దూరపు టూరు. మా మామ్మ ఆ దినములను గూర్చి చెప్పుచు, ఉప్పు కొన్న తరువాతనే ఎన్ని కాయలు కొట్టించవలెనో లెక్క చూచుకొనెడివారమని యనెడిది. కల్లుప్పు ఎండబెట్టి దంచిన పిమ్మట రోటిలో నంటిన పొడిని గూడ కుంచెతో తీసెడివారట. కాయలు మిగిలిన యేడు వానిని ఒట్టి ఎండకు వదలెడివారు. అవి ముసురు తగులగానే మెత్తబడి పురుగు పట్టెడివి.

కావున 1930 ఏప్రిలు 6వ తేదీన గాంధిమహాత్ముడు దండిలో ఉప్పు నెత్తినప్పుడు, అది చిటికెడు వస్తువని నవ్వినవారికి వంటయిల్లు తెలియదనవలెను. ఆంధ్రతీరమునను ఉప్పు కాచిరి. చెన్నపట్టణమున ప్రకాశం పంతులుగారు ఆ శాసనమును ధిక్కరించిరి, దుర్గాబాయిగారు చెఱసాలకేగిరి. 1931 మార్చి నాటి గాంధి-ఇర్విను ఒడంబడికలో, ఉప్పు పండు తావుల సమీప గ్రామస్థులు తమ వాడుకకు దానిని తీసికొనుటకు సమ్మతి లభించెను. పన్ను మాత్రము పోలేదు.

అది పోయినది 1947 ఏప్రిలు 1వ తేదీన. మామిడికాయ టెంక కట్టుటకు కొలది దినములు ముందు! ఆ యేటి ఆవకాయకు ఉప్పు చవుకయైనదా యని నేను మామ్మ నొకమా రడిగితిని. ఆమె నవ్వి, “ఒరే అబ్బాయీ, దొరలు తగ్గిస్తే సరా? అంగడివాడు తగ్గించవద్దూ?” అనినది.