డాబా మీద చెట్టు నిలిచేదెలా?

భిలాయి టౌన్‌షిప్‌లో పాత క్వార్టర్ల డాబాల కేసి ఒకసారి తలెత్తి చూడండి. ఎక్కడో ఒకచోట పిట్టగోడ పగులులోంచి రావి మొక్క తొంగిచూస్తుంటుంది. దాన్నెవరూ నాటలేదు, నీళ్లూ పోయలేదు. పండు తిన్న పిట్ట రెట్టలో విత్తనం పడింది, అంతే! మరి మనం కోరి నాటిన మామిడి మొక్క అక్కడ అంత తేలిగ్గా నిలబడదేం?

సోవియట్ సహకారానికి 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. పనికోసం వచ్చిన కుటుంబాలకు (మన తెలుగువారూ అందులో ఎందరో) సెక్టార్ల వారీగా క్వార్టర్లు వెలిశాయి. పెరడున్న చోట జామ, మామిడి నేలలోనే పెరిగాయి. పెరడు లేని పై అంతస్తుల వారి చూపే డాబా మీద పడుతుంది.

డాబా చెట్లు కొత్తవేమీ కావు. ఇటలీలోని లూకా పట్టణంలో 14వ శతాబ్దపు గ్వినీజీ బురుజు తలమీద ఇప్పటికీ ఓక్ చెట్లున్నాయి. ఎత్తు దాదాపు 45 మీటర్లు! మందపాటి గోడలే ఆ మట్టి బరువును మోస్తున్నాయి. 1938లో లండన్‌లోని డెరీ అండ్ టామ్స్ దుకాణంపై రాల్ఫ్ హాన్‌కాక్ ఒకటిన్నర ఎకరాల తోటే వేశాడు. అక్కడ భారం మోసింది గోడలు కావు, ఉక్కు చట్రం. భిలాయి విద్యార్థికి ఈ తేడా ప్రత్యేకంగా చెప్పాలా?

ఇప్పుడు కాస్త లెక్క. మనుషులు తిరిగే డాబాకు మన ఐ.ఎస్. 875 ప్రమాణం చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువును లెక్కలోకి తీసుకుంటుంది. తడిసిన మట్టి ఘనపు మీటరు 1,800 కిలోల దాకా తూగుతుంది. అంటే 8 సెంటీమీటర్ల మట్టితోనే ఆ హద్దు దాదాపు నిండిపోతుంది! చెట్టుకు కావలసింది అంతకు ఎన్నో రెట్లు. అందుకే ఇంజనీరును అడగకుండా మట్టి పోయకూడదు. పెద్ద తొట్టిని శ్లాబు నడుమ కాక, కింద స్తంభం ఉన్నచోట పెట్టిస్తారు.

బరువు సంగతి తేలినా గాలి ఉంది. రాయ్‌పూర్ ప్రాంతానికి ఆ ప్రమాణమే సెకనుకు 39 మీటర్ల గాలివేగాన్ని సూచిస్తోంది. ఆ వేగంతో వీచే గాలి ఎదురైన ప్రతి చదరపు మీటరునూ దాదాపు 90 కిలోల బరువుతో నెడుతుంది. ఆకులు ఒదిగి కొంత తప్పించుకుంటాయి, నిజమే. కాని నేలమీది చెట్టుకు దూరందాకా పాకిన వేళ్లున్నాయి, తొట్టిలోని చెట్టుకు లేవు. కాబట్టి మట్టి అడుగున ఉక్కు వల పరచి, వేరుముద్దను పట్టీలతో దానికి బిగిస్తారు. పైనున్న మట్టి బరువే వలను అదిమి పడుతుంది, శ్లాబుకు చిల్లు పెట్టనక్కర లేదు. కాండానికి తీగ బిగించి కట్టడం మంచిది కాదు. బెరడు కోసుకుపోతుంది. పైగా, గాలికి ఊగని కాండం సరిగా లావెక్కదు.

రావికి ఈ హంగులేవీ అక్కర్లేదు. అది పగుల్లో వేరు దూర్చి కట్టడాన్నే పట్టుకుంటుంది. వెడల్పైన పగులులోంచి నీరు ఇనుప చువ్వలను చేరుతుంది. తుప్పు ఇనుము కన్నా రెట్టింపుకు పైగా చోటు తీసుకుంటుంది గనుక కాంక్రీటు పెళ్లలుగా ఊడుతుంది. పైపైన కోస్తే లాభం లేదు, మిగిలిన వేరు మళ్లీ చిగురిస్తుంది. మొక్క చిన్నగా ఉండగానే వేరుతో సహా తీయించి, పగులు పూడ్పించండి.