రెండు స్థానాల నడుమ నిలిచిన స్విచ్: ఎలక్ట్రిక్ గిటార్ వలయాల మార్పులు, వాటి చారిత్రక సాక్ష్యం

ఎలక్ట్రిక్ గిటార్ చరిత్ర ఎక్కువగా పేటెంట్ పత్రాలు, కంపెనీల కేటలాగుల ఆధారంగా రచింపబడింది. ఈ ఆధారాలు తయారీదారు సంకల్పాన్ని తెలుపుతాయి. వాద్యకారుడు తన చేతికీ చెవికీ అనుగుణంగా వాద్యాన్ని విప్పి, లోపలి వైర్లను మార్చి కలిపిన సంగతి వాటిలో కనిపించదు. అయితే నేడు ప్రామాణికంగా చెలామణి అవుతున్న వలయాలలో కనీసం ఒకటి కర్మాగారంలో గాక వాద్యకారుల చేతిలో రూపుదిద్దుకొన్నది. దానికి మూలసాక్ష్యం గిటార్ ముఖంపై బిగించిన ప్లాస్టిక్ పలక కింద ఉంటుంది.

వలయం స్వరూపం సరళమైనదే. అయస్కాంతాల చుట్టూ సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టితే పికప్ అవుతుంది. ఉక్కు తంత్రి కంపించినపుడు అయస్కాంత క్షేత్రం మారి కాయిల్‌లో స్వల్ప విద్యుత్తు పుడుతుంది. అది స్విచ్, వాల్యూమ్, టోన్ నియంత్రణల గుండా యాంప్లిఫయర్‌ను చేరుతుంది. ఈ దారిలోని ప్రతి భాగమూ ధ్వనిని ప్రభావితం చేస్తుంది. వాల్యూమ్ కోసం 250 కిలో ఓముల పొటెన్షియోమీటర్ స్థానంలో 500 కిలో ఓములది అమర్చితే పికప్‌పై భారం తగ్గి తారస్థాయి స్పష్టత పెరుగుతుంది. భాగాలు చవకైనవి, పనికి కావలసినది టంకం పెట్టే ఇనుము మాత్రమే. మార్పులు విస్తరించడానికి ఇది ముఖ్య కారణం.

తయారీదారు ఊహకూ వాద్యకారుని అవసరానికీ మధ్య దూరం ఫెండర్ కంపెనీ టెలికాస్టర్‌లోనే కనిపిస్తుంది. 1952 నుంచి 1967 వరకు దాని స్విచ్ ఒక స్థానంలో మెడ వైపు పికప్‌ను కెపాసిటర్ ద్వారా పంపి, బేస్ గిటార్‌ను తలపించే మందమైన ధ్వని ఇచ్చేది. రెండు పికప్‌లూ కలిసి మ్రోగే స్థానమే లేదు. అదే కంపెనీ 1951లోనే ప్రెసిషన్ బేస్ అనే ప్రత్యేక వాద్యాన్ని విడుదల చేసింది గనుక ఆ స్థానం ప్రయోజనం ప్రశ్నార్థకమే. 1967లో వలయం మారి, మధ్య స్థానంలో రెండు పికప్‌లూ ఒకటిగా పలికే ఏర్పాటు వచ్చింది.

ఇంతకంటె విలువైన ఉదాహరణ 1954లో వెలువడిన స్ట్రాటోకాస్టర్. దీనిలో మూడు పికప్‌లు, మూడు స్థానాల స్విచ్ ఉన్నాయి. ఒక్కో స్థానానికి ఒక్కొక్క పికప్. రెండింటిని కలపడం రూపకర్త లియో ఫెండర్ పథకంలో లేదు. ఆయన రేడియో మరమ్మతు వృత్తి నుంచి వచ్చినవాడు, గిటార్ వాద్యకారుడు కాడు. కానీ ఆ స్విచ్ నిర్మాణంలో ఒక విశేషముంది. మీట ఒక స్థానం నుంచి మరొక స్థానానికి జరిగేటపుడు, మొదటి స్పర్శ విడిపోకముందే రెండవది కలుస్తుంది. మీటను సరిగ్గా నడుమ నిలిపితే రెండు పికప్‌లు సమాంతరంగా పనిచేస్తాయి. కాయిల్‌ల ఉమ్మడి ఇండక్టెన్స్ దాదాపు సగానికి తగ్గుతుంది. ఒకే తంత్రిని రెండు వేర్వేరు చోట్ల గ్రహించడం వల్ల కొన్ని అనుస్వరాలు పరస్పరం రద్దవుతాయి. ఫలితంగా వచ్చే గుల్లదనంతో కూడిన తేట ధ్వని ఏ ఒక్క పికప్‌కూ సాధ్యం కాదు.

వాద్యకారులు దీనిని కనిపెట్టి మీటను నేర్పుగా నడుమ నిలపడం అలవరచుకొన్నారు. అది జారిపోకుండా లోపలి స్ప్రింగ్‌ను సడలించినవారూ ఉన్నారు. ఫెండర్ ఐదు స్థానాల స్విచ్‌ను 1977లో ప్రవేశపెట్టింది. అంటే వాద్యకారుల ఆచారం ఉత్పత్తి నియమంగా మారడానికి ఇరవై మూడేళ్లు పట్టింది. దీనిని కంపెనీ ఆవిష్కరణగా నమోదు చేయడం కాలక్రమం రీత్యా సరికాదు. 1978లో వెలువడిన డైర్ స్ట్రెయిట్స్ తొలి ఆల్బమ్‌లో మార్క్ నాప్‌ఫ్లర్ వాదన ఈ ధ్వనికి సుప్రసిద్ధ నిదర్శనం.

ఇదే దశకంలో మార్పులకు విపణి ఏర్పడింది. 1972లో ల్యారీ డిమార్జియో రూపొందించిన సూపర్ డిస్టార్షన్ పికప్, పాతదాని స్థానంలో అమర్చుకొనేందుకే విడిగా అమ్మకానికి వచ్చింది. అంతకుముందు 1963లో బ్రయన్ మే, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరైన తండ్రితో కలిసి ఇంట్లోనే గిటార్ నిర్మాణం మొదలుపెట్టాడు. దానిలో ప్రతి పికప్‌కూ రెండేసి స్విచ్‌లు, ఒకటి దానిని కలిపి విడదీయడానికి, మరొకటి ఫేజ్‌ను తిప్పడానికి. ఎడ్డీ వాన్ హేలెన్ మార్గం దీనికి విరుద్ధం. స్ట్రాటోకాస్టర్ ఆకృతి గల గిటార్‌లో గిబ్సన్ హంబకర్‌ను అమర్చి, కీచు రాకుండా దానిని కరిగిన మైనంలో ముంచి, టోన్ నియంత్రణలను తొలగించి ఒక్క వాల్యూమ్ నాబ్‌నే మిగిల్చాడు. ఆ నాబ్‌పై ముద్రితమైన మాట మాత్రం ‘టోన్’. వస్తువుపై రాతను విచారణ లేకుండా ప్రమాణంగా స్వీకరించే పరిశోధకులకు ఇది మంచి హెచ్చరిక.

తెలుగు నేల నుంచి సన్నిహితమైన పోలిక పాలకొల్లులో జన్మించిన యు. శ్రీనివాస్‌ది. ఎలక్ట్రిక్ మాండలిన్‌లో జంట తంత్రుల బదులు ఒంటి తంత్రులు వాడి, ఐదవ తంత్రిని చేర్చి దానిని కర్ణాటక సంగీతానికి అనుకూలింపజేశారు. ఆ మార్పు తంత్రులకు సంబంధించినది, వలయానికి కాదు. కానీ కర్తృత్వం ఎవరిదన్న ప్రశ్న రెండు చోట్లా ఒకటే.

ఇక సాక్ష్యం విషయం. అమెరికన్ పొటెన్షియోమీటర్ల వెనుక ముద్రించిన అంకెలు తయారీసంస్థను, సంవత్సరాన్ని, వారాన్ని సూచిస్తాయి. ఉదాహరణకు 1376612 అంటే సి.టి.ఎస్. సంస్థ 1966లో పన్నెండవ వారం తయారుచేసినది. తాళపత్ర ప్రతి చివరి పుష్పికలా ఇది కాలనిర్ణయానికి ఆధారం. అయితే భాగం తేదీ గిటార్ తేదీ కాదు. గిటార్ అంతకుముందు పూర్తి కాలేదని మాత్రమే అది చెబుతుంది, అదీ ఆ భాగం మొదటినుంచి ఉన్నదే అయితే. టంకం మెరుపు, వైరు తొడుగు, అదనపు రంధ్రాలు తరువాతి చేతులను పట్టిస్తాయి.

సేకర్తల విపణిలో కదలని టంకానికి అధిక ధర, మార్చిన వలయానికి తక్కువ ధర పలుకుతాయి. అందుచేత పాత గిటార్‌లకు ‘పునరుద్ధరణ’ జరుగుతుంది. చేర్చిన వైర్లు తొలగించి, రంధ్రాలు పూడ్చి, ఐదు స్థానాల స్విచ్ తీసి, ఆనాటి మూడు స్థానాల స్విచ్‌ను వెదకి బిగిస్తారు. ఆ పనికి ముందు ఛాయాచిత్రమో, వలయపటమో తీసి ఉంచకపోతే ఒక వాద్యకారుని నిర్ణయం ఆధారరహితమవుతుంది. వాన్ హేలెన్ గిటార్ మాత్రం గాట్లతో, అతుకులతో సహా 2019లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శనకు నిలిచింది. పేరులేని వాద్యకారుల గిటార్‌లు మరమ్మతు బల్లలపైనే తొలిరూపానికి మళ్లుతున్నాయి.