ఆపద పిలుపు – ఆలకించు చెవి

నాచారమునందు గాని ఉప్పలునందు గాని సముద్రపు హోరు వినబడదు. తీరము మనకు వందల కిలోమీటర్ల దూరమున నున్నది. అయినను దూరపు సంకేతములను ఆలకించుట మన ప్రాంతమునకు క్రొత్త గాదు. 1961లో నెలకొల్పబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉప్పల్ రోడ్డుపైననే యున్నది. భూకంపములను యంత్రములద్వారా కనిపెట్టుట దాని పనులలో నొకటి. నడిసముద్రమునుండి వచ్చు ఆపద పిలుపు చరిత్రయు ఇట్టిదే. అందు పిలుచుటకంటె వినుటయే కష్టమైన భాగమని మేము తలంతుము.

1906లో బెర్లిన్ సమావేశము మూడు చుక్కలు, మూడు గీతలు, మరల మూడు చుక్కలు గల ‘ఎస్.ఓ.ఎస్.’ను ఆపద సంకేతముగా నిర్ణయించెను. 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ నౌక మంచుకొండను తాకి సహాయము కోరినది. దాపుననే యున్న కాలిఫోర్నియన్ నౌకలో వైర్‌లెస్ ఉద్యోగి యొక్కడే. అతడు అప్పటికే నిద్రకు పోయెను. అంతకంటె దూరముననున్న కార్పేథియాలో హెరాల్డ్ కాటమ్ పరుండబోవుచు ఇంకను యంత్రమును విడువకుండుటచేత పిలుపు నందుకొనెను. సుమారు ఏడు వందలమంది బ్రతికిరి.

తరువాతి కాలమున 500 కిలోహెర్ట్జ్‌లపై ప్రతి గంటలోను 15వ, 45వ నిమిషములనుండి మూడేసి నిమిషములు నౌకలన్నియు ప్రసారము లాపి, వినుచుండవలెనను నియమ మేర్పడినది. వైర్‌లెస్ గది గడియారముపై ఆ భాగములకు ఎఱ్ఱరంగు వేసెడివారు.

1999 ఫిబ్రవరి 1 నుండి ప్రపంచమంతట నూతన వ్యవస్థ పూర్తిగా అమలునకు వచ్చినది. నేడు 406 మెగాహెర్ట్జ్‌ల బీకన్ పిలుపును ఉపగ్రహము గ్రహించును. మన దేశమున అది బెంగుళూరు కేంద్రముద్వారా తీరరక్షక దళమునకు చేరును. బీకన్‌ను ముందుగా నమోదు చేయింపనిచో పిలిచిన దెవరో తేల్చుటకే విలువైన కాలము వ్యయమగును. పొరపాటున మీట నొక్కినవారు ఊరకుండక, ఆ సంగతి వెంటనే తెలుపవలెను; లేనిచో లేని ఆపదకై రక్షకులు బయలుదేరుదురు.

యంత్రములు వచ్చినను మనుష్యుని అవసరము తీరలేదు. 2004 డిసెంబరులో హైదరాబాదునందలి జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ పక్షమున భారతీ ప్రసాద్ పోర్ట్ బ్లెయిర్‌లో నుండిరి. 26వ తేదీన సునామీ వచ్చి మామూలు వార్తామార్గములు తెగిపోగా, ఆమె రేడియో కేంద్రము ద్వీపవాసుల క్షేమసమాచారములను బయటికి చేరవేసెను.

వేటకు పోయిన జాలరి యింటివారికి రేడియోలోని తుఫాను హెచ్చరిక వినోదము గాదు. మన యింట అది వినవచ్చినపుడు పాటలకై మీట త్రిప్పక, ఒక్క నిమిషము నిలిచి విందము. తీరమున మన బంధువు లున్నచో వారికి తెలుపుదము.