ఇద్దరిని విడిచి రమ్మన్న ఆట

ఈ సంచికకు ఏదేని చరిత్ర విషయము వ్రాయుడని సంఘ కార్యదర్శిగారు కోరినపుడు, బరంపురములోని పాత వీధులనుగూర్చియో, మన పూర్వులు ఇచ్చట స్థిరపడిన విధమునుగూర్చియో వ్రాయుదుమని వారు తలంచియుందురు. ఆ విషయములు చెప్పుటకు మాకంటె పెద్దలు మన సంఘములోనే కలరు. మేము మెట్రిక్ చదివి, గుమాస్తాపని చేసి, విశ్రాంతి తీసికొన్నవారము. మా చిన్నవాడు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉద్యోగము చేయుచున్నందున కొన్నాళ్లు అచ్చట ఉంటిమి. ఒకనాటి సాయంకాలము ఆ నగర విశ్వవిద్యాలయపు ఆవరణలో నడచుచుండగా ఒక విద్యార్థి వసతిగృహముపై ‘టోలర్’ అను పేరు కనబడెను. ఎవరీయన అని విచారింపగా తెలిసిన కథ ఇది.

అమెరికావారి ఫుట్‌బాల్ మన మెరిగిన ఫుట్‌బాల్ కాదు. ఆ బంతి పీచు తీయని కొబ్బరికాయవలె రెండు కొనల సన్నగా నుండును. కాలితో తన్నుటకంటె చేతబట్టి పరుగిడుటయే అందు ఎక్కువ. పక్షమునకు 11 మంది. నాలుగు ప్రయత్నములలో 10 గజములు ముందుకు పోవలెను, పోజాలనిచో బంతి ఎదుటివారి వశమగును. ఎదుటివారి కడపటి గీత దాటించినచో 6 పాయింట్లు. మాకు మొదట అది వట్టి కుమ్ములాటగా తోచినది. ఇప్పటికిని పూర్తిగ అట్లు కాదని చెప్పలేము.

కళాశాల జట్ల ఆటకాలము నవంబరు చివరకు ముగియును. పిమ్మట జనవరి 1వ తేదీ ప్రాంతమున కొన్ని నగరములవారు మేటి జట్లను పిలిచి ‘బౌల్’ అను పేర పోటీలు జరుపుదురు. ఆ పిలుపు వచ్చుట జట్టునకు కీర్తి, కళాశాలకు సొమ్ము. వీనిలో పేరొందినవి పలువు రా దేశపు దక్షిణ రాష్ట్రములలో జరిగెడివి. ఆ కాలమున ఆ రాష్ట్రములలో నల్లవారికి బడి వేరు, బండిలో కూర్చుండు చోటు వేరు, నీరు త్రాగు కొళాయి కూడ వేరు.

శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయము జెసూట్ పాదిరీలు 1855లో స్థాపించినది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసినపిమ్మట, సైనికుల చదువునకు ప్రభుత్వము ధనమిచ్చు 1944 నాటి చట్టము వలన, యుద్ధము చూచివచ్చిన యువకులు అన్ని కళాశాలలలో చేరిరి. ఈ జట్టులోని జీనో మార్చెట్టి అట్టివాడు. ఇటలీనుండి వలసవచ్చినవారి బిడ్డ. యుద్ధారంభమున పౌరసత్వము లేని ఇటలీవారిని ఆ ప్రభుత్వము శత్రుదేశీయులుగా లెక్కించినది. అట్టి దినములలో పెరిగిన ఈ బాలుడు సైన్యమున చేరి జర్మనులతో పోరాడి వచ్చెను. మన కుటుంబములవారికి ఈ సంగతి వేరుగ వివరింప నక్కరలేదు.

జట్టులో నల్లవారు ఇద్దరే. టెక్సాసులో పుట్టిన ఆలీ మాట్సన్, టెన్నెస్సీలోని మెంఫిసులో పుట్టిన బర్ల్ టోలర్. ఇరువురును దక్షిణాదివారే యనుట గమనింపదగినది. శిక్షకుడు జో కుహారిచ్. జట్టును గూర్చి పత్రికలకు వార్తలు పంపు యువకుడు పీట్ రోజెల్.

1951లో ఈ జట్టు తొమ్మిది ఆటలాడి తొమ్మిదింటను గెలిచినది. న్యూయార్కునకు పోయి ఫోర్డ్‌హామ్ జట్టును 32-26తో ఓడించినది. కాలేజ్ ఆఫ్ ది పసిఫిక్ జట్టుపై 47-14. నవంబరు 24న పాసడీనాలో లయోలాపై 20-2. ఆ ఆటకాలములో మాట్సన్ ఒక్కడే 1,566 గజములు పరుగెత్తి 21 టచ్‌డౌన్లు సాధించెను, దేశమందెవ్వరును అంత చేయలేదు. (అదే సంవత్సరము మార్చిలో మన భారత ఫుట్‌బాల్ జట్టు, హైదరాబాదు రహీం గారి శిక్షణలో, ఢిల్లీ ఆసియా క్రీడలలో ఇరానును 1-0తో ఓడించి స్వర్ణము గెలిచినది. ఆ మాట ఇచ్చట వ్రాయకుండ నుండలేకపోతిమి.)

ఇంత గెలిచినను పిలుపు రాలేదు. ఆటగాండ్రు తరువాత చెప్పిన ప్రకారము జరిగినది ఇది: మయామీ నగరపు ఆరెంజ్ బౌల్‌కు రావచ్చును, కాని మాట్సన్, టోలర్ లను విడిచి రావలెను అని కబురు తెలిసినది. శిక్షకుడు ఆ మాట జట్టువారి ముందుంచెను. ఓట్లు తీయవలసిన పని లేకపోయినదట, ఉపన్యాసములును లేవట. పోము అనిరి, అంతటితో సరి. ఆ జట్టు ఎదుర్కొన్నవి బలహీనపు జట్లు గనుక పిలువలేదని వాదించువారును కలరు. ఆ వాదములో కొంత నిజ ముండవచ్చును. కాని 1948 జనవరి 1న టెక్సాసులోని డల్లాస్‌లో నల్ల ఆటగాండ్రతో కూడిన పెన్ స్టేట్ జట్టు కాటన్ బౌల్ ఆడినది. 13-13తో సమముగా ముగిసినది, ఆకాశ మేమియు విరిగిపడలేదు. కనుక మయామీవారికి వీలులేకపోయిన దనుట కంటె మనసు లేకపోయిన దనుటయే న్యాయమని మాకు తోచుచున్నది.

ఇది వ్రాయుటకు మాకొక సొంత కారణము కలదు. 1984లో మేము కొందరము కలిసి నాటకములాడెడివారము. దూరపు ఊరినుండి పోటీకి పిలుపు వచ్చెను. మా హార్మోనిస్టును, రంగాలంకరణ చేయు మరొకనిని తీసికొని రావద్దనియు, భోజనపంక్తిలో ఇబ్బంది కలుగుననియు మెల్లగా చెప్పి పంపిరి. కారణము వారి కులమని అందరికిని తెలియును. మేము ఒక రాత్రి చర్చించితిమి. దారి ఖర్చులకు అప్పటికే చందాలు వసూలైనవని ఒకరు, ఈ ఒక్కసారికే కదా అని మరియొకరు అనిరి. వెళ్లితిమి. రెండవ బహుమతి వచ్చెను. తిరిగివచ్చి హార్మోనిస్టు ఇంటికి మిఠాయి తీసికొనిపోగా, ఆయన పుచ్చుకొని, కాఫీ ఇప్పించి, నాటకము ఎట్లు జరిగినదని అడిగెను. మరల మా రిహార్సలుకు రాలేదు.

శాన్‌ఫ్రాన్సిస్కో కుర్రవాండ్రకు ఆ ‘పోము’ అను మాట ఊరక దక్కలేదు. ఆ ఆటకాలము కాగానే విశ్వవిద్యాలయమువారు నష్టము భరింపలేక ఫుట్‌బాల్ జట్టును రద్దుచేసిరి. బౌల్ సొమ్ము వచ్చియుండినచో జట్టు నిలిచెడిదని పలువురందురు. మాకు అంత నమ్మకము లేదు. ఇరుగుపొరుగు కళాశాలలలో సెయింట్ మేరీస్ 1950 ఆటకాలము తరువాతను, సాంటా క్లారా 1952 తరువాతను అట్లే మానుకొనినవి. ఏమైనను మయామీలో 1952 జనవరి 1న అందరు తెల్లవారే గల రెండు జట్లు ఆడినవి. జార్జియా టెక్ 17-14తో బేలరును గెలిచినది.

మాట్సన్ ఆ 1952లోనే హెల్సింకి ఒలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగున కాంస్యము, రిలేలో రజతము తెచ్చెను. ఆయనయు, మార్చెట్టియు, బాబ్ సెయింట్‌క్లేర్ అను మరియొకడును వృత్తి ఫుట్‌బాల్ కీర్తిమందిరములో స్థానము పొందిరి. వార్తలు వ్రాసిన రోజెల్ 1960 నుండి 1989 వరకు ఆ జాతీయ ఫుట్‌బాల్ లీగునకే అధిపతి. టోలర్‌కు మాత్రము 1952లో మోకాలు విరిగి ఆట పోయినది. ఆయన ఉపాధ్యాయుడై, ఆ నగరములో మాధ్యమిక పాఠశాల ప్రధానోపాధ్యాయులైన తొలి నల్లవాడయ్యెను. 1965లో ఆ లీగులో తొలి నల్లజాతి న్యాయనిర్ణేతగా మైదానమున దిగి, 1980 సూపర్ బౌల్‌లోను ఆ పని చేసెను. 2009లో కాలధర్మము చెందెను. జట్టువారికి విశ్వవిద్యాలయము 2006లో గౌరవ పట్టము లిచ్చినది.

మేము చూచిన వసతిగృహమునకు 2017 వరకు జేమ్స్ ఫెలన్ అను పూర్వపు సెనేటరు పేరుండెడిది. ఆసియావారు కాలిఫోర్నియాకు రారాదని ప్రచారము చేసి, 1920 ఎన్నికలలో దానినే నినాదముగా పట్టినవా డాయన. విద్యార్థులు పట్టుపట్టగా ఆ పేరు తీసి టోలర్ పేరు పెట్టిరి. మా చిన్నవాడు మమ్మును, మా ఇంటివారిని ఆ గుమ్మము ముందు నిలువబెట్టి ఫోటో తీసినాడు.