నీళ్లలో నిలిచిన గంటగోపురం

బీదరు కోట చూసినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. బహమనీ సుల్తానుల రాజధానిగా ఉన్న ఆ ఊరికి సుమారు అయిదువందల యాభై ఏళ్ల కిందట రష్యా నుంచి ఒక వర్తకుడు వచ్చాడు. పేరు అఫనాసీ నికితిన్. అమ్ముకుందామని తెచ్చిన గుర్రాన్ని జున్నరులో అక్కడి ఖాను లాక్కుంటే, నానా తంటాలు పడి విడిపించుకుని బీదరు చేరాడు. ఇక్కడి ప్రభువుల భోగాన్నీ, పల్లెజనం లేమినీ రెంటినీ చూసి రాసుకున్నాడు. తిరుగుదారిలో సొంత ఊరు చేరకుండానే కన్నుమూశాడు.

ఆ సొంత ఊరు త్వేర్, వోల్గా నది ఒడ్డున ఉంది. అక్కడి నుంచి పడవలో దిగువకు బయలుదేరి, కల్యాజిన్ దగ్గరి మఠంలో మకారీ అనే మఠాధిపతి దీవెన తీసుకుని, ఉగ్లిచ్ మీదుగా సాగాడట. మాస్కో నుంచి సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు పోయే విహారనౌకలు ఇప్పుడు నడిచేది కూడా ఈ ఊళ్ల మీదుగానే. అయితే నికితిన్ చూసిన నది వేరు, ఈ నది వేరు.

అసలు మాస్కో వోల్గా ఒడ్డున లేదు. 128 కిలోమీటర్ల కాలువ తవ్వి రెంటినీ కలిపారు. 1937లో దాన్ని ప్రారంభించారు. తవ్వినవాళ్లలో ఎక్కువమంది ఖైదీలు. తరువాత ఉగ్లిచ్ దగ్గర ఆనకట్ట లేచింది. దాంతో కల్యాజిన్ పాతబస్తీ మునిగింది. నికితిన్ దీవెన పొందిన మఠాన్ని పడగొట్టారు. నికోలా చర్చినీ కూల్చారు గాని, 1800 నాటి దాని గంటగోపురాన్ని మాత్రం ఎందుకో వదిలేశారు. పడవలకు గుర్తుగా ఉంచారని అంటారు. డెబ్భై మీటర్లకు పైగా ఎత్తున్న ఆ గోపురం నేటికీ నీళ్ల నడుమ ఒంటరిగా నిలబడి ఉంది. నౌకలో వాళ్లంతా ఫోటోలు తీసుకునేది దాన్నే.

ఉగ్లిచ్‌లో మరో గంట కథ ఉంది. 1591 మే 15న ఇవాన్ చక్రవర్తి కొడుకు, ఎనిమిదేళ్ల ద్మిత్రి, గొంతు తెగి చనిపోయాడు. గంట మోగింది, జనం పోగయ్యారు, హంతకులని అనుమానించినవాళ్లను చంపేశారు. మూర్ఛ వచ్చి తన కత్తి మీద తానే పడ్డాడని మాస్కో విచారణ తేల్చింది. ఊరివాళ్లను శిక్షించి ఊరుకోలేదు, గంట నాలుక కూడా పీకి సైబీరియాకు పంపారు! ఈ మాట చెబితే మా తరగతిలో పిల్లలు నవ్వుతారు. ఆ గంట 1892లో గాని తిరిగి రాలేదు. ద్మిత్రి పేరిట కట్టిన ఎర్రగోడల చర్చిలో దాన్ని చూపిస్తారు.

ఇంకా దిగువన రిబిన్స్క్ జలాశయం. ఒడ్డు కనిపించనంత నీరు. 1941 ఏప్రిల్‌లో నింపడం మొదలుపెట్టారు. దాని కింద మొలొగా అనే పట్నమూ, వందల పల్లెలూ ఉన్నాయి. లక్షా ముప్పై వేలమంది దాకా కదలవలసి వచ్చింది. కొయ్య ఇళ్ల దూలాలు ఊడదీసి, తెప్పలు కట్టి, నది మీదనే కొత్త చోటికి తేల్చుకుపోయారు. ముంపు ఊరంటే ఏమిటో తుంగభద్ర ఒడ్డువాళ్లకు నేను చెప్పాలా?

2014లో నీరు బాగా తీసినప్పుడు మొలొగా వీధుల రాళ్లూ, ఇళ్ల పునాదులూ బయటపడ్డాయి. జనం పడవలు కట్టుకుని వెళ్లి ఆ వీధుల్లో నడిచి వచ్చారు. తరువాత మళ్లీ నీరు ఎక్కింది.